అన్న జ్వరానికి నేనిచ్చిన మాత్రలు

పోయిన నెలలో ఒక ఉదయం మా అన్న కూతురు మాలతి కోయంబత్తూరు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళమ్మకు, అంటే మా వదినకు, ముందురోజు సాయంత్రం నుంచి జ్వరమట. "చిన్నాయనా, నాకు శనివారం దాకా లీవు దొరకదు. నువ్వు కొంచెం పోయి చూసి, ఏ మాత్తిర ఇయ్యాలో ఇచ్చి రా. నువ్వు చెప్తే అమ్మ వింటుంది," అంది. సరేనన్నాను.

అడిగింది చిన్న పనే. మా రాజపాళయంలో వీధికొక మందుల షాపు ఉంది. ఎవరికి జ్వరం వచ్చినా పక్కింటివాళ్ళయినా ఒక మాత్ర తెచ్చిస్తారు. నేను మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా జ్వరం మాత్ర ఎవరి చేతిలోనూ పెట్టలేదు. నా పిల్లల చిన్నతనంలో వాళ్ళకు సిరప్ పోసింది కూడా నా భార్య రాజమ్మే. ఒళ్ళు వెచ్చగా ఉందని ఎవరన్నా అంటే నేను చెప్పులు వేసుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరతాను. "ఊరికంతా జొరమొస్తే మాత్తిర, మా ఇంట్లో జొరమొస్తే ఆటో," అని ఆమె నలుగురిలోనూ నవ్వుతూ ఉంటుంది. నేనూ నవ్వుతాను. ఇది పిరికితనమని ఆమె అనుకుంటుంది. పిరికితనమే, కానీ ఆమె అనుకునే రకం కాదు.

వదిన ఉండేది మా పాత ఇంట్లో కాదు. ఆ ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. ఆమె ఇప్పుడుండేది మిల్లు వెనక వీధిలో, రెండు గదుల ఇల్లు. అక్కడికి నడిచిపోతుంటే మిల్లు గోడ పక్కన ఇప్పటికీ పత్తి దుమ్ము, మెషిన్ ఆయిలు కలిసిన వాసన వస్తుంది. నాకది మా అన్న జగ్గన్న వాసన. మా నాయన పోయాక చదువు మానేసి స్పిన్నింగు మిల్లులో చేరాడు. షిఫ్టు ముగిసి సంగు ఊదగానే సైకిలెక్కి వచ్చేవాడు. మిల్లు సైరన్‌ని మేము సంగు అనే అంటాం. మీసం మీద, కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లటి పత్తి నూగు పట్టి, ముప్పై ఏళ్ళు నిండని మనిషి ముసలివాడిలా కనిపించేవాడు. "తాత వచ్చినాడు, తాతకు కాఫీ పోయండి," అని వాకిట్లోంచే తనను తానే వెక్కిరించుకుంటూ లోపలికి వచ్చేవాడు. ఆ మాటకు అమ్మ రోజూ కోప్పడేది, వదిన రోజూ నవ్వేది. తాను వదులుకున్న చదువు నాకు చెప్పించాలని అతని పట్టుదల. మదురైలో నా హాస్టలుకు నెలకొకసారి బస్సులో వచ్చి, మామిడిపళ్ళో మురుకులో ఇచ్చి, నా పుస్తకాలు ఒకటి రెండు చేత్తో తడిమి చూసి, ఆ సాయంత్రం షిఫ్టుకు తిరిగి పోయేవాడు.

మా ఇంట్లో జ్వరానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా ఒళ్ళు కాలితే అమ్మ మొదట చేసే పని అన్నం ఆపడం. జ్వరం దిగేదాకా లంకణం. శొంఠి, మిరియాలు, ధనియాలు కాచిన కషాయం, లేకపోతే జీలకర్ర వేసిన వేడినీళ్ళు. అంతకుమించి గొంతులో ఏదీ దిగకూడదు. వెనక గదిలో చాప, మీద ముతక దుప్పటి, కిటికీ మూత. కషాయం ఘాటు, దుప్పటి కింద చెమట, సాంబ్రాణి పొగ కలిసి ఆ గదిలో ఒక వాసన ఉండేది. అది రాగానే ఇంట్లో ఎవరో పడుకున్నారని స్కూలు నుంచి వస్తూనే తెలిసిపోయేది. ఆకలేస్తుందని అన్నవాడికి సగం తగ్గినట్టే అని అమ్మ లెక్క. అప్పుడు మిరియాల రసంలో గుజ్జులా పిసికిన అన్నం పెట్టేది. ఆ మొదటి ముద్ద రుచి నాకు ఇంకా నాలుక మీద ఉంది. ఇదంతా తప్పని ఇప్పుడు సులభంగా అనగలను. అప్పుడు అది ప్రేమ.

కాలం మారుతోంది కాబట్టి అమ్మ మాత్రలను కూడా ఇంట్లోకి రానిచ్చింది, కానీ తన పద్ధతిలో. వంటింట్లో పాత పోపుల పెట్టె ఒకటి ఉండేది, లోపల గుండ్రటి అరలు. ఆవాలు, మెంతులు కొత్త పెట్టెలోకి మారాక అందులోకి మాత్రలు చేరాయి. షాపు నుంచి మాత్రల అట్ట తెస్తే అది అరలో పట్టదని, అమ్మ కత్తెరతో ఒక్కొక్క మాత్రను విడివిడిగా కత్తిరించి వేసేది. అట్ట మీది పేరు ముక్కలైపోయి ఒక మాత్రకు రెండక్షరాలు, ఇంకొక దానికి మూడక్షరాలు మిగిలేవి. దానితో ఇబ్బంది ఉందని మాకెవరికీ తోచలేదు. తెల్లది జ్వరానికి, పచ్చది నొప్పికి, చిన్న ఎర్రది కడుపుకు. రంగును బట్టి మందు, అరను బట్టి రోగం. మందుల షాపులో కూడా అదే వరస. పేరడిగేవాళ్ళు లేరు. "జొరానికి ఒక సెట్టు" అంటే చాలు. "పెద్దోళ్ళకా, పిల్లోళ్ళకా?" అని ఒక్క ప్రశ్న. తర్వాత రెండు మూడు రంగుల మాత్రలు చిన్న కాగితపు కవరులో వేసి చేతికిచ్చేవాళ్ళు. వేసుకున్నవాడికి తగ్గితే అది మంచి సెట్టు.

నాకు పెళ్ళి కుదిరిన ఏడాది సంగతి ఇది. బి.ఎస్సీ. అయింది, ఉద్యోగం వచ్చింది. మంసాపురంలో ఒక సంబంధం చూశారు. ఆ అమ్మాయిని ఒక్కసారి చూసి నేను నిద్ర పోగొట్టుకున్నాను. నిశ్చయతాంబూలాలకు రోజు పెట్టారు. అది తమిళ లెక్కలో ఆని మాసం ఆఖరు వారం. ఆ రోజు దాటితే ఆడి మాసం వస్తుంది. ఆడిలో మా వైపు ఏ శుభకార్యమూ చేయరు. పైగా వాళ్ళింట్లో ఒక పెద్దామెకు ఒంట్లో బాగాలేదని, ఆమెకేమైనా అయితే ఏడాది వాయిదా పడుతుందని విన్నాను. ఇంకొక మంచి సంబంధం వాళ్ళ వాకిట్లో తిరుగుతోందని కూడా ఎవరో నా చెవిన వేశారు. నాయన లేడు కాబట్టి తాంబూలం పళ్ళెం అందుకోవలసింది జగ్గన్న. సరిగ్గా ఆ వారంలో అతను షిఫ్టు నుంచి వస్తూ వాకిట్లోనే అరుగు మీద కూలబడ్డాడు. ఆ రోజు తాత మాట అనలేదు. పత్తి నూగు కింద మొహం ఎర్రగా కాలిపోతోంది.

అమ్మ వెంటనే అన్నం ఆపింది. "లంకణం పెడితే రెండు దినాల్లో లేచి కూర్చుంటాడు," అంది. నాకు రెండు రోజులు ఆగే ఓపిక లేదు. నేను పోయి ఒక సెట్టు తెచ్చాను. వేస్తే చెమట పట్టి జ్వరం దిగింది. సాయంత్రానికి మళ్ళీ ఎక్కింది. ఇంకొక సెట్టు తెచ్చాను. నా పెట్టెలో మదురై నుంచి తెచ్చుకున్న జలుబు మాత్రలు ఉన్నాయి, పెద్దవి, పసుపు రంగువి. మధ్యలో జ్వరం ఎక్కినప్పుడు అవి కూడా ఇచ్చాను. అవి జలుబువి కదా, జ్వరానివి కావు కదా, రెండూ ఇస్తే తప్పేముంది అనుకున్నాను. సైన్సు చదివినవాణ్ణి. అట్ట వెనక చిన్న అక్షరాలు ఉన్నాయి, చదవడం నాకొచ్చు. తిప్పి చూడలేదు.

"ఏమిరా, నన్ను మాత్తిరల షాపు చేసినావు," అన్నాడు అన్న, చెయ్యి చాపుతూనే.

"ఆ ఒక్క దినం నిలబడన్నా. తరువాత నెలంతా పడుకో."

"నిలబడతాలేరా. పళ్ళెం పట్టుకునేదానికి బలమెందుకు? నీ పెండ్లాన్ని చూస్తే నాకూ జొరం దిగిపోతుందేమో," అని నవ్వి, వదిన వైపు చూసి, "ఊరికే అన్నాను, నువ్వు కషాయం పెట్టు," అన్నాడు.

నిశ్చయం రోజు ఉదయం కూడా నేను మాత్రలిచ్చాను. కారులో మంసాపురం పోయాం. అన్న పట్టు పంచె కట్టుకుని, మూడు రోజులుగా ఏమీ తినని కడుపుతో, వాళ్ళ హాల్లో నిటారుగా కూర్చున్నాడు. పళ్ళెం అందుకునేటప్పుడు చేతులు వణికాయి. వాళ్ళవైపు పెద్దాయన అది సంతోషంతో అనుకుని అన్న భుజం తట్టాడు. విందులో అన్న ఆకు మీద వడ్డించినవి కదిపాడు తప్ప తినలేదు. నేను అటు చూడలేదు. నేను తలుపు చాటున కనిపించే పసుపుపచ్చ చీర అంచు చూస్తున్నాను.

తిరిగి వచ్చాక వాంతులు మొదలయ్యాయి. కుడివైపు డొక్కలో నొప్పి అన్నాడు. ఒకటి రెండు రోజుల్లో కళ్ళు పచ్చబడ్డాయి. అమ్మ చూసి "కామాల" అంది, అంటే కామెర్లు. కామాలకు మందు సేత్తూరు దాటి ఒక పల్లెలో ఇస్తారు. నేలఉసిరి ఆకు నూరి మజ్జిగలో కలిపి తాగిస్తారు, ఉప్పు మాన్పిస్తారు. అక్కడికి తీసుకుపోయాం. మళ్ళీ పథ్యం, మళ్ళీ ఖాళీ కడుపు. మూడోసారి పోవలసిన ఉదయం అన్న వదినను చూసి, "అమ్మా, సంగు ఊదినారా?" అని అడిగాడు. భార్యను అమ్మా అన్నాడు. అప్పుడు కారు మాట్లాడి మదురై ఆస్పత్రికి తీసుకుపోయాం.

అక్కడి డాక్టరు నడివయసు మనిషి, తొందరపడకుండా మాట్లాడేవాడు. అన్నను చూసి బయటికి వచ్చి, జ్వరం ఎప్పుడు వచ్చింది, తాగే అలవాటుందా, ఏ మాత్రలు వేసుకున్నాడు అని తమిళంలో వరసగా అడిగాడు. ఏ మాత్రలని ఎందుకు అడుగుతున్నాడో తెలియదు, కానీ ఆ ప్రశ్న నన్నే వెతుక్కుంటూ వచ్చిందని తెలిసింది. పక్కన వదిన ఉంది, చంకలో ఏడాది నిండని మాలతి. వెనక అమ్మ. నిజం చెప్తే వీళ్ళిద్దరూ వింటారు. మంసాపురం దాకా పోతుంది. పెళ్ళికొడుకు తొందర కోసం జ్వరంలో ఉన్న అన్నను మాత్రలతో నిలబెట్టారంటారు. "సాధారణ జ్వరం మాత్ర, ఒకటో రెండో అంతే సార్," అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, మా ముగ్గురి తరఫున నా మాటే మాట. డాక్టరు వదిన వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతను రాసుకుని లోపలికి పోయాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం అతనే నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచి తలుపు వేశాడు. లివరు చెడిపోతున్న తీరు మామూలు కామాలలా లేదని, రక్తం గడ్డకట్టడం కూడా తగ్గిపోతోందని, ఇప్పుడైనా నిజం చెప్పమని అడిగాడు. చెప్పాను. సెట్లు చెప్పాను, పసుపు మాత్రలు చెప్పాను, లంకణం చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. నర్సును పిలిచి ఏదో మందు ఎక్కించమని గబగబా చెప్పి, తర్వాత నాకు వివరించాడు. సెట్టులోనూ, జలుబు మాత్రలోనూ ఉన్న జ్వరం మందు ఒకటే. రంగులు వేరు, అంతే. పెద్ద మనిషికి అది సరైన మోతాదులో, గంటల ఎడం పెట్టి ఇస్తే మంచి మందే. రెండు పేర్లతో రెండు వైపుల నుంచి ఇస్తే, అదీ రోజుల తరబడి తిండి లేని ఒంటికి ఇస్తే, లివరు తట్టుకోలేదు. దానికి విరుగుడు ఉంది, ఎంత ముందు ఇస్తే అంత పని చేస్తుంది. "నిన్న చెప్పి ఉంటే..." అని అక్కడ ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని అతను పూర్తి చేయలేదు. నేను ఇన్నేళ్ళూ పూర్తి చేస్తూనే ఉన్నాను.

అన్న ఆ వారం దాటలేదు. కామాల ముదిరి పోయాడని ఊరంతా అనుకుంది. అమ్మ అలాగే నమ్మి, అలాగే పోయింది. ఏడాది తర్వాత నా పెళ్ళి అయింది, ఆ అమ్మాయితోనే. రాజమ్మకు కూడా ఇది నిన్న మొన్నటిదాకా తెలియదు. వదినకు నేను చేయగలిగిందంతా చేశాననే నా మనసుకు సర్దిచెప్పుకున్నాను. మాలతి చదువు, పెళ్ళి, ఆస్పత్రులకు తిప్పడం, ఏ పనైనా సరే. చెప్పడం ఒక్కటి తప్ప.

వదిన ఇంటికి చేరేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందు గదిలో చాప మీద పడుకుని ఉంది. కషాయం వాసన.

"ఏమి శీనూ, చెల్లెలు రాలేదా?" అంది లేవబోతూ. రాజమ్మను ఆమె చెల్లెలనే పిలుస్తుంది. "జొరం నాకు. మొగం నీది వాడిపోయిండాది."

"ఏమి తిన్నావు వదినా?"

"ఏమీ లేదు. నిన్న రాత్రినుంచి లంకణమే. అత్త నేర్పించిన పాఠం గదా."

నేను అడగవలసినవన్నీ అడిగాను. వేరే ఏ మాత్రలు వేసుకుంటోంది అంటే, బీపీ మాత్ర కాక మోకాళ్ళ నొప్పికి కూడా ఒకటి అంది. తెచ్చి చూపించమన్నాను. అట్ట తిప్పి చదివాను. మా వార్డులో రెండిళ్ళల్లో డెంగీ అని తేలింది. ఇది డెంగీనో కాదో తేలకుండా ఆ నొప్పి మాత్ర వేసుకుంటే రక్తం కారే ప్రమాదం ఉంటుంది, దాన్ని ఆపు, రేపు పొద్దున రక్తం పరీక్షకు పోదాం అన్నాను. వంటింట్లోకి పోయి కంజి, అంటే బియ్యపు జావ, కాచాను. నేను కాచిన కంజి చూసి, "ఇది కంజా, గోడకు పూసేదా?" అని వెక్కిరించింది, కానీ తాగింది. అప్పుడు నేను దారిలో కొన్న అట్ట తీసి, జ్వరం మాత్ర ఒకటి విప్పి, చెయ్యి చాపాను. ఆమె చెయ్యి చాపలేదు.

మాత్ర వైపే చూస్తూ, "మీ అన్నకు నేను కూడా ఇచ్చినాను, తెలుసా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"అత్త పెట్టెలో తెల్లవి. ఒళ్ళు కాలుతుందే అని అడుగుతా ఉండె. అత్త చూడకుండా ఇస్తా ఉంటిని. ఎన్ని ఇచ్చినానో తెల్దు. ఆ డాక్టరు అడిగినప్పుడు నువ్వు ఒకటో రెండో అన్నావు. చదివినవాడివి, నీ లెక్క సరిగానే ఉంటుంది, నేను ఇచ్చినవే నీకు తెల్దు గదా అనుకున్నాను. నోరు తెరిచేదానికి భయమేసింది. తరువాత టీవీలో ఎవరో డాక్టరు చెప్పినాడు, ఆ మాత్తిర ఎక్కువైతే లివరు పోతుందని. ఆ దినం నుంచి తెలుసు నాకు, ఆయన్ను నేనే చంపుకున్నానని."

నా చేతిలో మాత్ర అలాగే ఉంది. బయట వీధిలో ఎవరో బైకు స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్ట్ కావడం లేదు. నేను చాప అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. సెట్లు, పసుపు మాత్రలు, నిశ్చయం రోజు ఉదయం ఇచ్చినవి, డాక్టరు తలుపు వేసి చెప్పిన మాటలు, నిన్న చెప్పి ఉంటే అన్న మాట. నేను ఇచ్చినవే చాలు వదినా, నువ్వు ఇచ్చినా ఇయ్యకపోయినా, ఆ ఒక్క రోజు దాచింది నేనే, అన్నాను.

అంతా అయ్యాక, "ఇన్ని ఏండ్లు ఎందుకు చెప్పలేదు?" అంది.

"భయం వదినా."

"నీకు భయం. సరి. నేను?"

అన్నకు ఇచ్చిన మాత్రలనే ఇంతకాలం నా తప్పనుకున్నాను. డాక్టరుకు చెప్పిన అబద్ధాన్ని నా తప్పనుకున్నాను. ఆ రెంటికీ అన్న ఒక్కసారి చనిపోయాడు. నా మౌనానికి ఈమె రోజూ, ఒంటరిగా, తాను చేయని హత్యను మోస్తూ బతికింది. నేను కొనిచ్చిన పుస్తకాలు, కట్టిన ఫీజులు, మోసిన సంచులు అన్నీ ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందు చిన్నవైపోయాయి. ఇప్పుడు అట్టల మీద మందు పేరు అందరూ చదువుతున్నారు. షాపువాడు కూడా డాక్టరు చీటీ ఉందా, వేరే మాత్రలున్నాయా అని అడుగుతున్నాడు. మా కాలంలో అది లేదని నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. మా కాలంలోనూ ఒక మనిషి అడిగాడు. చెప్పనిది నేను.

"అది ఆడ పెట్టు," అంది వదిన, గిన్నె మూత చూపించి. "మాలతిని అడిగి మింగుతాను."

మాత్రను మూత మీద పెట్టాను. ఆమె ఫోన్ తీసి, నాకూ వినబడేటట్టు పెట్టి, కూతుర్ని పిలిచింది. మాలతి గబగబా అడుగుతోంది. ఏమి తిన్నావు, మోకాలి మాత్ర ఆపినావా, దద్దుర్లు ఉన్నాయా, ఒంటికి పోతోందా, చిన్నాయన తెచ్చిన దానిమీద ఎంత అని రాసిండాది. వదిన ఒక్కొక్కదానికి నిదానంగా జవాబు చెప్పింది. అట్టను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని పేరు, నంబరు చదివి వినిపించింది. "సరేమ్మా, ఒకటి మింగు. మళ్ళా ఆరు గంటలు అయినాక, జొరం ఉంటేనే," అంది ఆ పిల్ల. వదిన మాత్రను తన వేళ్ళతో తీసి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. ఫోన్ పెట్టేయలేదు. నా వైపు చాపింది.

"నాతో చెప్పినావు గదా. దానితోనూ చెప్పు."

నేను తీసుకోలేదు.

"పోయింది దాని నాయన," అంది ఆమె.

ఫోన్ తీసుకున్నాను. "చిన్నాయనా, ఏమయింది? అమ్మకు ఎక్కువగా ఉందా?" అంటోంది మాలతి.

"అమ్మకు కాదు తల్లీ," అన్నాను. "మీ నాయన సంగతి."